పురుగు పట్టిన పురుగులు

బోరు పైపు తగాదాలో ఎదురింటి కుప్పమ్మ
దోసిటి నిండా మన్నెత్తి పోసి నన్ను తిట్టింది:
"నీ ఇంట్లో పురుగులు పడా!"

పడినాయి.
పద్దెనిమిది ట్రేలు, ట్రేకి రెండు వేలు.
పసుపుతాడు తుంచి పోసినట్టు ఉంటాయి.
గోధుమపొట్టులో రాత్రంతా
ఎక్కడో దూరంగా తుంపర పడతావున్న చప్పుడు.
పుత్తూరులో పక్షుల అంగడి దొరవేలు
నెలకి రెండుసార్లు బండేసుకుని వస్తాడు.
శాపం ఆరువేలు ఇస్తావుంటే
ఎవరికి చేదు?

పలమనేరు పక్కన మా షెడ్డు
ఒకప్పుడు పట్టుపురుగులది.
ఊజీ ఈగకని కట్టిన వల
కిటికీకి ఇంకా వేలాడతానే ఉండాది.
మా అత్త సిద్దమ్మ ఆ పురుగులకి ఆకు కోసి కోసి ముసలిదయింది.
వీటిని చూసి మూతి తిప్పింది.
"గూడు కట్టని పురుగు
ఏం పురుగే!"

వైశాఖంలో ఒక తెల్లారి
మూత తీస్తే
పొట్టు ఊపిరి తీస్తా ఉండాది.
కళ్ళు నులుముకుని మళ్ళీ చూసినా.
అంచుల మీద బిస్కట్ రంగు దుమ్ము.
వేలితో గీత గీస్తే
గీత దానంతట అదే పూడుకుంటా ఉండాది.
క్యారెట్ ముక్కకి ఉన్ని చొక్కా తొడిగినట్టుంది.
వేళ్ళ మధ్య నలిపితే
పుదీనా వాసన.

"నల్లి," అన్నాడు పశువులాస్పత్రి కాంపౌండరు, నవ్వు ఆపుకుంటా.
"పురుక్కే పురుగు పట్టిందా?
దాన్ని చంపే మందు దీన్నీ చంపుతుంది తల్లీ.
తడికి పుట్టే జాతి అది.
తడి యాడుందో చూసుకో."

ఈ ఎండల్లో తడి యాడిది?
కుక్కే నీళ్ళు వెతుక్కుంటా ఉండాది.

పెరట్లో పొట్టు పోసి తగలబెట్టినా.
కొత్తది పెనం మీద వేయించి చల్లార్చినా.
స్టాండు కాళ్ళకింద కొబ్బరిచిప్పలు పెట్టి సబ్బునీళ్ళు పోసినా.
అరటితొక్క పరిస్తే
రాత్రికి నల్లి దానిమీద పండగ చేసుకునేది,
తెల్లారి తొక్కతో సహా పొయ్యిలోకి.
అయినా పదకొండు ట్రేలు పోయినాయి.
గూడుపురుగులైతే, ఆ తెల్లటి కదలలేనివి,
పడుకున్నచోటనే బూజు కప్పుకున్నాయి.

అన్నిటికన్నా పై అరలో ఒక ట్రే,
నేను మర్చిపోయింది,
పది రోజులుగా ఒక్క క్యారెట్ ముక్క ఎరగనిది,
ఎండి, పస్తుండి,
నిక్షేపంగా ఉండాది.

ఆ మధ్యాహ్నం టమోటా మండీలో లారీలు రాలేదు.
గ్రేడింగ్ లేదని తొందరగా ఇల్లు చేరినా.
షెడ్డులో అత్త
బకెట్లో గోనెసంచి ముంచి, పిండి,
ట్రేల చుట్టూ కడతా ఉండాది,
చంటిబిడ్డకి జ్వరప్పట్టీ వేసినట్టు.
పట్టుపురుక్కి ఎండాకాలం అట్లనే కట్టేది.
ముప్పై ఏళ్ళు కట్టిన చెయ్యి.
నేను చీకటిపడి వచ్చేసరికి
గోనె ఆరిపోయేది.

నేనేమీ అడగలేదు.
సంచులు విప్పి
బయట తీగమీద వేసినా.
ఆమె బకెట్టు తీసుకుపోయి
కరేపాకు చెట్టుకి పోసింది.

రాత్రి బల్బు కింద కూర్చున్నాం.
బతికిన నల్లటి పెంకుపురుగులు చాటలో.
ఆమె దూలంలో దోపిన కోడి ఈక తీసింది,
అప్పట్లో ఆవగింజంత పట్టుపిల్లల్ని
ఆకుమీదికి ఊడ్చిన ఈక.
ఒక్కోదాని వీపు తుడిచి
నా అరచేతిలో పెడతా వచ్చింది.

"దీనికి తడి పడదా?"
ఈక ఆపలేదు.
"పడదత్తా."
"ముందే చెప్పకపోతివి."

చెప్పలేదు. నిజమే.
గూడు కట్టని పురుగు గురించి
ఆమెకేం ఆసక్తి అనుకున్నా.

తొంభై ఏడు తేలినాయి.
గేటుకాడ కుప్పమ్మ
మెడ సాచి చూస్తా ఉండాది.
పైపు సంగతి ఇంకా తెగలేదు.
ఇంకొక్కసారి తిడితే బాగుండునే అనిపించింది,
గట్టిగా,
నోరారా.